పులి ఎగురుతుందని మేకకు ముందే తెలియాలి

రేపల్లె చుట్టుపక్కల పల్లెల్లో పులి-మేక ఆడాలంటే సామాను కొనక్కర్లేదు. సుద్దముక్కో బొగ్గుముక్కో దొరికితే అరుగు మీద గీత పడుతుంది. పైన ఒక కొన, దాని నుంచి కిందికి విచ్చుకునే నాలుగు గీతలు, అడుగున వాటిని కలిపే గీత, మధ్యలో వాటిని కోస్తూ అడ్డంగా మూడు గీతలు, ఆ మూడింటి కొసలను కలుపుతూ రెండు పక్కలా నిలువు గీతలు. లెక్కపెడితే 23 కూడళ్లు. మేకలకు 15 చింతపిక్కలు, పులులకు మూడు గులకరాళ్లు. పై కొనలో ఒక పులి, దాని కింది గీత మీద రెండు పులులు. ఇక ఆట మొదలు.

ఇందులో రెండు పక్షాలకూ రూళ్లు ఒకటి కావు. పులి గీత వెంట ఒక అడుగు వేస్తుంది. పక్క కూడలిలో మేక ఉండి, దాని వెనక కూడలి ఖాళీగా ఉంటే, తిన్నగా దాని మీదుగా ఎగిరి చంపేస్తుంది. మేక ఎగరలేదు, చంపలేదు. పైగా 15 మేకలూ దిగేదాకా ఒక్కటి కూడా కదలడానికి వీల్లేదు, వంతుకొకటి చొప్పున పెట్టుకుంటూ పోవాల్సిందే. మేకలకున్నదల్లా మందబలం. పులులు మూడింటినీ ఎటూ కదలనివ్వకుండా కట్టేస్తే గెలుపు మేకలది. ఒక్క మేకా చావకుండా అన్నీ దిగాయంటే బోర్డు మీద 18 కాయలుంటాయి, మిగిలేది ఐదు ఖాళీలు. అప్పటిదాకా బోర విరుచుకు తిరిగిన పులి పక్కకు ఒరగడానికి కూడా చోటుండదు.

ఇంత తేడా ఉన్న ఆటను ఏడేళ్ల పిల్లకు నేర్పడానికి ఐదు నిమిషాలు చాలు. పెద్ద రాయి ఎగురుతుంది, చిన్న గింజ ఎగరదు. కంటికి కనబడే తేడాయే రూలులోనూ ఉంది. ఇంకో విశేషం చూడాలి. గీత ఆగిపోయే మూలన కూర్చున్న మేకను ఏ పులీ ఏమీ చేయలేదు. ఆవల దిగడానికి కూడలి లేదు కనక. మూలన ఉన్న మేకను చంపరాదని ఎవరూ ప్రత్యేకంగా రూలు పెట్టలేదు, గీత గీయడంలోనే అది ఇమిడిపోయింది. ఒకటి రెండు మేకలు పోగొట్టుకున్నాక పిల్లలు తమంతట తామే మూలలు వెతుక్కుంటారు.

తెనాలి-రేపల్లె రైల్లో ఫోన్ల మీదికి వంగిన కుర్రాళ్లు ఆడే యుద్ధతంత్రపు ఆటల్లో కూడా ఇలాంటి తేడాలే ఉంటాయి. అందరికీ వర్తించే రూళ్లు కొన్ని, వాటిని దర్జాగా మీరే వర్గం ఒకటి. అందరూ ఊళ్లు కడితే ఆ వర్గం కట్టదు, అందరి సైన్యాలూ చస్తే దానిది చావదు. ఇలాంటి వర్గం ఉంటేనే ఆటకు రుచి. చిక్కేమిటంటే, ఆ వర్గం సంగతి ఆడేవాడికి పూసగుచ్చినట్టు చెప్పే ఆటలు కూడా ఎదుటివాణ్ణి గాలికి వదిలేస్తున్నాయి. రూలు మీరే హక్కు పులిదే కావచ్చు, ఆ సంగతి ముందుగా తెలియాల్సింది మాత్రం మేకకు. దెబ్బ తినేది అదే కదా.

కంప్యూటర్ ఆటల్లో దీన్ని బాగా చేసినవాళ్లూ ఉన్నారు. 1998లో వచ్చిన స్టార్‌క్రాఫ్ట్‌లో మూడు జాతులు, మూడింటికీ కట్టడాల రూళ్లు వేరు. టెర్రాన్ మనుషులు దాదాపు ఎక్కడైనా కట్టుకుంటారు. జెర్గ్ పురుగులు మాత్రం మూల స్థావరం వంటి ఒకటి రెండు తప్ప మిగతావన్నీ నేల మీద పరుచుకునే ఊదారంగు జిగురు మీదే కట్టాలి. ప్రోటాస్ వాళ్లకు కూడా ఒకటి రెండు కట్టడాలు తప్ప పైలాన్ అనే స్తంభం పరిధి దాటితే పనికాదు, ఆ స్తంభం కూలితే దాని మీద ఆధారపడ్డ కట్టడాలు మూగబోతాయి. జెర్గ్ రూలును పుస్తకం తెరిచి చదవాల్సిన పని శత్రువుకు లేదు. జిగురు ఎక్కడిదాకా పాకిందో చూస్తే పురుగులు ఎక్కడిదాకా కట్టగలవో తెలిసిపోతుంది. రూలునే నేల మీద రంగుగా పరిచారు. ఆ ఆట తీసినవాళ్ల తెలివిలో సగం అక్కడే కనబడుతుంది.

ఏజ్ ఆఫ్ ఎంపైర్స్ 2కు 2000లో వచ్చిన కాంకరర్స్ భాగంలో హూణుల సంగతి ఇంకా సూటి. తక్కిన జాతులన్నీ జనం పెరగాలంటే ఇళ్లు కట్టాలి, హూణులకు ఇళ్లతో పని లేదు. గుర్రాల మీద తిరిగే జాతికి ఇల్లెందుకు? చరిత్ర తెలిసినవాడికి చెప్పకుండానే అర్థమవుతుంది, తెలియనివాడికి వాళ్ల ఊళ్లో ఒక్క ఇల్లూ కనబడకపోవడమే చెబుతుంది. మీరింది ఒక్క రూలు, అదీ ఆ జాతి స్వభావానికి అతికిన రూలు.

సివిలైజేషన్ 5లో వెనిస్ దగ్గరికొచ్చేసరికి లెక్క తప్పింది. 2013లో బ్రేవ్ న్యూ వరల్డ్ అనే విస్తరణతో వచ్చిన ఈ రాజ్యం కొత్త నగరాలు స్థాపించలేదు, గెలిచిన నగరాలను పూర్తిగా తనలో కలుపుకోలేదు. బదులుగా దానికి వ్యాపార మార్గాలు రెట్టింపు. దాని ప్రత్యేక వర్తకుడు వెళ్లి స్వతంత్ర నగర రాజ్యాలను ఏకంగా కొనేస్తాడు. ఆలోచన ముచ్చటైనది, వెనిస్ చరిత్రకు తగినది కూడా. వెనిస్‌ను ఎంచుకున్నవాడికి ఇదంతా ఎంపిక తెర మీదే కనబడుతుంది. ఎదుటివాడికి కనబడేది ఎన్రికో దాండొలో అనే ముసలి పాలకుడు, రెండు మర్యాద మాటలు. ఆటలోని విజ్ఞానకోశం తెరిచి వెతికితే తప్ప మిగతాది తెలియదు. ఎన్నో వంతుల పాటు బంగారం పోసి మచ్చిక చేసుకున్న నగరం ఒక వంతులో వెనిస్ చేతికి పోతే, తను ఓడిపోయానని కాక, మోసపోయానని ఆ ఆటగాడు అనుకుంటాడు. ఆట వదిలేసి వెళ్లిపోయేది ఓడినవాళ్లు కాదు, ఇలా అనుకున్నవాళ్లు.

బల్ల మీద ఆడే ఆటల్లో ఈ చిక్కును నేరుగా ఎదుర్కొన్నది రూట్. 2018లో అమెరికాలోని లెడర్ గేమ్స్ తెచ్చిన ఈ ఆటకు రూపకర్త కోల్ వెర్లీ. అడవి కోసం జంతువులు కొట్లాడుకుంటాయి. పిల్లులు పరిశ్రమలు కడతాయి, పక్షులు తమ శాసనం ప్రకారం నడవకపోతే వాటి రాజ్యం కుప్పకూలుతుంది, చిన్న జంతువులు లోపల్లోపల తిరుగుబాటు రాజేస్తాయి. నాలుగోవాడు దేశదిమ్మరి. వాడికి సైన్యం లేదు, ఉన్నది ఒక్క కాయ. దాన్ని బోర్డు మీద నుంచి తీసేయడం ఎవరివల్లా కాదు, కొడితే వాడి సంచిలోని వస్తువులు పాడవుతాయి. ఎవరు ఏలుతున్న చోటికైనా వాడు వెళ్లిపోతాడు. తక్కిన ముగ్గురూ ‘ఈ ప్రాంతం ఎవరిది’ అన్న లెక్క మీద బతుకుతుంటే వాడికి ఆ లెక్కే పట్టదు.

దీన్ని అర్థం చేయించడానికి రూట్ తయారీదార్లు చాలా శ్రమపడ్డారు. నేర్చుకోవడానికి ఒక పుస్తకం, తగవు వచ్చినప్పుడు చూసుకోవడానికి చట్టంలాంటి మరో పుస్తకం ఇచ్చారు. ప్రతి వర్గానికీ సొంత పలక, దాని మీద ఆ వర్గం ఒక వంతులో ఏమేం చేయాలో వరసగా ముద్రించారు. దేశదిమ్మరి కాయ ఆకారమే వేరు. అయినా మొదటిసారి ఆడేవాళ్లు వాడి చేతిలో దెబ్బతింటూనే ఉంటారు. కారణం వెతికితే చిన్నదే. వాడి సంచిలో ఎన్ని కత్తులున్నాయి, ఎన్ని జోళ్లున్నాయి అన్నది దాపరికమేమీ లేకుండా పలక మీదే ఉంటుంది. ఆ పలక ఉండేది వాడి ముందు. ఎదుటి కుర్చీలోంచి చూసేవాడికి తలకిందులుగా, చిన్న చిన్న బొమ్మలుగా కనబడుతుంది. బల్ల మీద ఉన్నదంతా బల్ల చుట్టూ ఉన్నవాళ్లకు తెలిసినట్టు కాదు. వాడి బలం వాడి కాయ మీదే కనబడి ఉంటే, ఉదాహరణకు కత్తి దొరికినప్పుడల్లా కాయకు ఒక కత్తి తగిలించే వీలుంటే, సగం తగువులు తీరేవి.

చదరంగంలోనూ కనబడే రూళ్లు, కనబడని రూళ్లు రెండు రకాలూ ఉన్నాయి. గుర్రం పక్కా రూలు మీరే కాయ. తక్కినవేవీ మధ్యలో కాయ అడ్డుంటే దాటలేవు, గుర్రం దాటుతుంది. కానీ దాని మొహం చూస్తేనే దూకే జంతువని తెలుస్తుంది. ఒకసారి చెబితే జీవితంలో మరచిపోరు. అదే ఆటలో ఎదుటి బంటు రెండు గళ్లు దూకి పక్కన నిలబడితే, అది ఒకే గడి జరిగినట్టు లెక్కేసి చంపే రూలుంది. ఆ మరుసటి ఎత్తులోనే చంపాలి, తర్వాత చెల్లదు. బోర్డు వంక ఎంతసేపు చూసినా ఆ హక్కు ఇప్పుడుందో లేదో తెలియదు, అంతకుముందు ఎత్తు ఏమిటో గుర్తుండాలి. రాజు అప్పటిదాకా కదలకపోతేనే చెల్లే కోటలో దూరడమూ అంతే. రాజు ఒకసారి కదిలి మళ్లీ తన గడికే వచ్చాడా, అసలు కదల్లేదా అన్నది కాయ చెప్పదు. కొత్తగా నేర్చుకునే పిల్లలు గుర్రం గురించి పోట్లాడుకోరు, ఈ రెండింటి గురించే పోట్లాడుకుంటారు.

పెంటేల హరికృష్ణ, ద్రోణవల్లి హారిక గుంటూరు నుంచి, కోనేరు హంపి గుడివాడ నుంచి వచ్చి గ్రాండ్‌మాస్టర్లయ్యారు. హంపి 2019లో, మళ్లీ 2024లో మహిళల ప్రపంచ ర్యాపిడ్ ఛాంపియన్ అయ్యారు. ప్రపంచమంతా ఆడే రూళ్లే ఇక్కడా స్థిరపడ్డాయి కాబట్టి కృష్ణకు ఇటూ అటూ ఇవాళ బంటుకు ఎన్ని గళ్లన్న తగువు లేదు. వెనకటి దేశవాళీ చదరంగంలో చాలాచోట్ల బంటు మొదటి ఎత్తులోనూ ఒక్క గడే జరిగేది. కోటలో దూరడం బదులు రాజుకు ఒక్కసారి గుర్రంలా దూకే వరం ఉండేది. పంజాబుకు చెందిన సుల్తాన్ ఖాన్ ఆ ఆట నేర్చుకుని పెరిగినవాడు. 1929లో ఇంగ్లండు వెళ్లి అక్కడి పద్ధతికి మారి, అదే ఏడాది బ్రిటిష్ ఛాంపియన్ అయ్యాడు. 1932లో, 1933లో మళ్లీ గెలిచాడు. అంతటివాడికి కొత్త రూళ్లు అడ్డం కాలేదు. సుల్తాన్ ఖాన్‌లు కానివాళ్ల కోసమే రూళ్లను కంటికి కనబడేలా కట్టాల్సి వస్తుంది.

కనబడని రూలు ఎలా పాడవుతుందో చెప్పడానికి ఉత్తర ఐరోపా కథ ఒకటి ఉంది. స్వీడన్ వృక్షశాస్త్రజ్ఞుడు లినేయస్ 1732లో లాప్‌లాండ్‌లో తిరుగుతూ తబ్లుత్ అనే ఆటను తన దినచర్యలో రాసుకున్నాడు. సింహాసనమనే నడిమి గడిలో రాజు, చుట్టూ ఎనిమిది మంది కావలివాళ్లు, నాలుగు వైపులా ముట్టడించిన 16 మంది శత్రువులు. మన పులి-మేకకు చుట్టమే. సామాన్య భటుణ్ణి ఇద్దరు అటూ ఇటూ పట్టుకుంటే చాలు. రాజుకు మాత్రం ఎక్కడున్నాడన్నదాన్ని బట్టి రూలు మారుతుంది, సింహాసనం మీద ఉన్నప్పుడు నలుగురు చుట్టుముట్టాలి. ఆ దినచర్య 1811లో ఇంగ్లీషులో అచ్చయినప్పుడు రాజును పట్టే రూలు అనువాదంలో తప్పిపోయింది. దాన్ని నమ్మి ఆడినవాళ్లకు రాజు ఎక్కడున్నా నలుగురు కావలసివచ్చి, అతణ్ణి పట్టుకోవడం గగనమైంది, ఆట ఒక వైపుకు ఒరిగిపోయింది. బోర్డు, కాయలు, నడక అన్నీ భద్రంగా చేరాయి. చేరనిది ఒక్క మినహాయింపు, అదీ ఆటకు గుండెకాయలాంటి మినహాయింపు. దానికి కాయ మీద గుర్తేమీ లేదు, మాటల్లోనే బతికింది, మాటల్లోనే చెడింది.

అందరికీ కనబడే మినహాయింపుకు ఊళ్లో ఎవర్ని అడిగినా చెప్పే ఉదాహరణ క్రికెట్‌ది. నోబాల్ తర్వాతి బంతికి ఇచ్చే ఫ్రీ హిట్ 2007లో వన్డేల్లోకి వచ్చింది. ఆ ఒక్క బంతికి బౌల్డ్ లేదు, క్యాచ్ లేదు, ఎల్బీ లేదు, రనౌట్‌లాంటివి మాత్రం ఉంటాయి. ఆట మూల సూత్రాన్నే ఒక బంతి సేపు పక్కనపెట్టే రూలిది. అయినా ఎవరూ తికమకపడలేదు. బంతి పడక ముందే అంపైర్ చెయ్యి పైకెత్తి తిప్పుతాడు, బ్యాటర్‌తో పాటు బౌలర్, ఫీల్డర్లు, గ్యాలరీలో కూర్చున్నవాళ్లు అందరూ చూస్తారు. రమ్మీలో జోకర్‌దీ ఇదే తీరు. ఏ ముక్క జోకరో పేకకట్ట కింద అడ్డంగా, మొహం కనబడేలా పెట్టి మరీ ఆడతారు. చేతిలో ముక్కలు ఎవరివి వాళ్లవే, రూలు మార్చే ముక్క మాత్రం అందరిది.

పేకాట పేరెత్తాం కనక ఒక మాట. మన ఊళ్లలో ఆట అనగానే పెద్దవాళ్ల మనసు డబ్బు మీదికే పోతుంది, ఆ భయం ఊరికే పుట్టలేదు. 2025 ఆగస్టులో పార్లమెంటు ఆన్‌లైన్ గేమింగ్ చట్టం తెచ్చి డబ్బు ఒడ్డి ఆడే ఆటలను నిషేధించింది, ఈ-స్పోర్ట్స్‌ను వాటి నుంచి విడదీసి గుర్తించింది. బుర్ర పెట్టి ఆడే ఆటలకు ఇక్కడ కాస్త జాగా దొరికిందన్నమాట. ఆ జాగాలో ఏం కడతామన్నదే ప్రశ్న.

పులి-మేకనూ నెత్తిన పెట్టుకోనక్కర్లేదు. దానికీ లోపముంది. గీతలో ఇమడని రూళ్లు ఊరికొక తీరు. కొన్నిచోట్ల ఐదు మేకలు చస్తే పులి గెలిచినట్టు, కొన్నిచోట్ల ఇంకా ఎక్కువ చావాలి. ఒక వంతులో ఒక మేకేనా, వరసగా రెండు చంపొచ్చా అన్నదీ తేలని తగువే. తెనాలి నుంచి సెలవులకు వచ్చిన మేనల్లుడు రెండో మేకను ఎత్తబోతే రేపల్లె మామయ్య చెయ్యి పట్టుకుంటాడు. “ఏందిరా, రెండు ఎగురుతున్నావ్?” “మా ఊళ్లో అంతే మామయ్యా.” “మీ ఊళ్లో అంతే అయితే ఆట ముందే చెప్పాల!” గమనిస్తే ఈ తగువు ఎప్పుడూ పులి గీత వెంట అడుగు వేసే తీరు మీద రాదు, మేక దిగే తీరు మీద రాదు. సుద్దముక్క గీయలేకపోయిన చోటే వస్తుంది. దానికి పల్లె కనిపెట్టిన మందు మామయ్య చివర అన్న మాటలోనే ఉంది. ఆటకు కూర్చోగానే ఒప్పందం చేసుకుంటారు: ఎన్ని మేకలకు గెలుపు, ఎన్ని ఎగుర్లు. అర నిమిషం పని.

ఇది ఫోన్ ఆటలు చేసేవాళ్లు ఎత్తుకోదగ్గ పద్ధతి. ఎదుటి పక్షం ఏ రూలు మీరుతుందో ఆట మొదలవక ముందే ఇద్దరి తెరల మీదా ఒక్క వాక్యంలో పడాలి. అదీ చదివేవాడి భాషలో పడాలి. ఇక్కడి పిల్లలు ఆడే పెద్ద ఆటలు చాలావరకు ఇంగ్లీషులోనే మాట్లాడతాయి. దాడి, కోట, బంగారం లాంటివి బొమ్మలను బట్టి పట్టేస్తారు. బొమ్మకు అందనివి మినహాయింపులే: ఫలానా దశలో తప్ప, ఫలానా వర్గానికి తప్ప అనే వాక్యాలు. సరిగ్గా ఆ వాక్యాలే చిన్న అక్షరాల్లో, మెలికలు తిరిగిన ఇంగ్లీషులో ఉంటాయి. తెలుగు చేయాల్సి వస్తే మెనూలు, బటన్లు తర్వాత చూసుకోవచ్చు, ముందు వాటిని తెలుగు చేయాలి. ‘వెనిస్ నగరాలు కట్టదు, కొంటుంది’ అంటే నాలుగు మాటలు.

ఒప్పందం మాటతో తీరిపోయేది కొంతే. మీరే రూళ్లు ఐదారు ఉంటే ఏ భాషలో రాసినా ఎవరూ చదవరు. ఒక వర్గానికి ఒక్క పెద్ద తేడా ఇచ్చి, అది కాయ ఆకారంలోనో రంగులోనో నేల మీదో కనబడేలా చేస్తే మిగతా తేడాలను ఆటగాడే ఊహించుకుంటాడు. పులికి ఎగరడమనే ఒక్క తేడా ఇచ్చారు. మేక గుంపుగా ఉండటం, మూలలు పట్టడం, వెనక ఖాళీ వదలకపోవడం అన్నీ ఆ ఒక్కదాని నుంచే పుట్టాయి. బాపట్ల, గుంటూరు ఇంజినీరింగ్ కాలేజీల్లో ప్రాజెక్టు కోసం ఆట తయారు చేస్తున్న కుర్రాళ్లు సాధారణంగా తమ వర్గానికి పది శక్తులు రాసుకొస్తారు. ఆ జాబితాలో తొమ్మిది కొట్టేసి మిగిలినదానితో వారం రోజులు ఆడించి చూస్తే ఏది అసలు శక్తో తేలుతుంది. ఆడించేటప్పుడు కొత్తవాణ్ణి పులి వైపు కాకుండా మేకల వైపు కూర్చోబెట్టాలి. సొంత ఆటను సొంతంగా పరీక్షించేవాళ్లు ఎప్పుడూ పులే ఆడతారు, అందుకే వాళ్లకు అంతా తేటతెల్లంగా కనబడుతుంది.

అన్నీ ముందే చెప్పేస్తే ఇక ఆశ్చర్యమేముంది అని అడిగేవాళ్లుంటారు. అడగాల్సిన ప్రశ్నే. జవాబు పేకలోనే ఉంది. చేతిలో ఏమున్నాయో దాచు, జోకరేదో దాచకు. దేశదిమ్మరి రేపు ఎటు వెళతాడో తెలియక భయపడటం ఆట. వాడు అసలు ఎటైనా వెళ్లగలడని తెలియక దెబ్బతినడం ఆట కాదు. వెనిస్ వర్తకుడు ఏ నగరం మీద కన్నేశాడో చెప్పక్కర్లేదు, అతను కొనగలడని చెబితే చాలు. ఆ సంగతి తెలిసిన ఎదుటివాడు తనకు కావలసిన నగరం చుట్టూ కాపలా పెడతాడు, లేదా వర్తకుణ్ణి దారిలోనే అడ్డుకోవడానికి యుద్ధం ప్రకటిస్తాడు. అప్పుడు వెనిస్ ఆడేవాడికీ పని పెరుగుతుంది.

పులి-మేకనే ఫోన్‌లోకి తెచ్చేవాళ్లకు ఇక్కడో నిర్ణయం తప్పదు. మేకను ఎక్కడ పెడితే చస్తుందో ఎర్ర రంగులో చూపించే సాయం ఇవ్వాలా? వద్దు. అలా చూపిస్తే మేక పక్షం ఆడే పని ఫోనే చేసినట్టవుతుంది. పులిని తాకితే దాని ముందున్న గీతలు మాత్రం వెలగాలి, ఎగిరి దిగగల కూడళ్లు వేరే రంగులో కనబడాలి. అదీ పులి ఆడేవాడికే కాక మేకలు ఆడేవాడికి కూడా, వాడు తాకినా కనబడాలి. ఎన్ని మేకలకు గెలుపన్నది మొదటి తెర మీదే ఇద్దరూ ఒప్పుకున్నాక గానీ మొదటి మేక దిగకూడదు.